పుర్రచేత్తో వేసిన పిన్ను

మొన్న హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు పాత గేర్‌బాక్సు ఒకటి గోనెసంచిలో చుట్టి, వ్యానులో వేసుకొని మా ఇంటికి వచ్చాడు. పాతకాలం కార్లు కొని బాగుచేయించి పెళ్ళిళ్ళకీ షూటింగులకీ అద్దెకిస్తాడట. లోపల ఒక పిన్ను బిగుసుకుపోయి ఎవరికీ లొంగడం లేదనీ, బందరులో ఎవరో "ఆవిడ దగ్గరికి వెళ్ళు, ఆవిడ మాట పిన్నులు వింటాయి" అన్నారనీ చెప్పాడు. నేను షెడ్డు మూసేసి చాలా ఏళ్ళయింది. నా మోకాళ్ళే నా మాట వినడం లేదు. అయినా ఇనుము వాసన తగిలేసరికి ఊరుకోలేక, వరండాలో పీట వేయించుకొని సుత్తి అందుకున్నాను. కుర్రాడు కళ్ళు పెద్దవి చేసి, "ఆంటీ, మీరు లెఫ్టీయా? భలే స్టైల్ ఆంటీ!" అన్నాడు. ఫోను తీసి నా చేతిని వీడియో కూడా తీసుకున్నాడు. పిన్ను వచ్చింది. కాఫీ తాగి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

స్టైలట! ఆ సాయంత్రమంతా నాకు కోపం దిగలేదు. కుర్రాడి మీద కాదు, పాపం వాడేం చేశాడు. మా రోజుల్లో ఆ చేతికి ఉన్న పేరు వేరు. పుర్రచెయ్యి అనేవాళ్ళు, అనేటప్పుడు మూతి కాస్త పక్కకి తిప్పేవాళ్ళు. పుర్రచేత్తో బొట్టు పెట్టబోతే నుదురు వెనక్కి లాక్కునేవాళ్ళు. పుర్రచేత్తో దీపం వెలిగిస్తే ఆర్పేసి మళ్ళీ వెలిగించేవాళ్ళు. మా నాన్నమ్మ నాకు అన్నం పెట్టేటప్పుడు నా ఎడంచేతిని తన పాతచీర పేలికతో నడుముకి కట్టేసేది. ముడివేస్తూ, "మీ నాన్నకీ ఇట్టాగే కట్టా. దారికొచ్చాడా లేదా?" అనేది. రాలేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు, ఎదురుగా పీట మీద కూర్చుని కుడిచేత్తో మెల్లగా, అరువు తెచ్చుకున్న చేత్తో తిన్నట్టు తినే మా నాన్నకీ తెలుసు. ఇంట్లో ఆ సంగతి ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు.

మా నాన్నని బందరంతా వీరాస్వామి మేస్త్రీ అనేది. చిలకలపూడి వైపు వెళ్ళే రోడ్డు మీద తాటాకు కప్పిన షెడ్డు మాది. అందులో సగం రోడ్డుకి తెరిచి ఉండేది, మిగతా సగానికి గోనెలు కలిపి కుట్టిన పరదా ఉండేది. రోడ్డువైపు నాన్న టైర్లు విప్పేవాడు, ఆయిలు పోసేవాడు, బండి యజమానులతో మర్యాదగా మాట్లాడేవాడు, అంతా కుడిచేత్తోనే. చెయ్యి తిరగవలసిన పని వచ్చిందంటే మాత్రం, "కాస్త లోపలికి తీసుకెళ్ళి చూస్తానండీ" అని ఆ సామాను పట్టుకొని పరదా వెనక్కి వెళ్ళిపోయేవాడు. గంట తర్వాత అది కొత్తదానిలా బయటికి వచ్చేది. పరదా వెనక ఏముందో ఊరు రకరకాలుగా చెప్పుకునేది. ఓడరేవులో పనిచేసిన దొర ఒకడు నాన్నకి సీమ పనిముట్లు ఇచ్చి వెళ్ళాడని కొందరు, ఏదో మంత్రం ఉందని కొందరు. గుడివాడ మెకానిక్కులు బండి రిపేరు వంకతో మనుషుల్ని పంపి తొంగి చూడమనేవాళ్ళు. అక్కడ ఒక బల్లా, సామాను బిగించి పట్టుకునే వైసూ, మా నాన్న ఎడంచెయ్యీ తప్ప ఇంకేమీ లేవు.

పరదా ఎందుకు వచ్చిందో అమ్మ చెప్పింది. నాన్న కొత్తగా షెడ్డు పెట్టిన రోజుల్లో ఒక లారీ యజమాని కొత్త లారీ తెచ్చి, మొదటి నట్టు మేస్త్రీ చేత్తోనే బిగించమన్నాడట. నాన్న ఏమరుపాటున ఎడంచేత్తో బిగించాడు. వారం తిరక్కుండా ఆ లారీ కాలవలో పడింది. డ్రైవరు కునికిపాట్లు పడ్డాడని అందరికీ తెలుసు, అయినా ఆ పెద్దమనిషి షెడ్డు ముందు నిలబడి, "పుర్రచేత్తో పట్టుకుంటే ఇంకేమవుద్ది!" అని రోడ్డంతా వినబడేలా అరిచాడట. ఆ సాయంత్రమే నాన్న గోనెలు తెచ్చి ఇంట్లో పడేస్తే అమ్మ కూర్చుని కుట్టింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కుడిచెయ్యే చూసి చూసి, ఊరు ఆ అరుపు మరిచిపోయింది.

అమ్మకీ చేతిలో పని ఉండేది. చిలకలపూడి కవరింగు గొలుసులకి లంకెలు అతికేది. మా ఇంట్లో ఉదయం కాఫీ వాసనకంటే ముందు లేచేది కిరసనాయిలు దీపం వాసన. అమ్మ నోట్లో సన్నటి ఊదుగొట్టం పెట్టుకొని ఊదుతుంటే, దీపం మంట వంగి, గోరంత నీలంగా సాగి, సరిగ్గా ఆ ఒక్క లంకెకే తగిలేది. పక్క లంకెకి సెగ సోకేది కాదు. పొద్దుగూకేవేళ నాన్న వచ్చి పెరట్లో ఊకా కిరసనాయిలూ కలిపి చేతులు తోముకునేవాడు, తర్వాత సున్నిపిండి. అయినా చారన్నంలోకి ఆయన చేతి గ్రీజు వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా చారు మరుగుతుంటే ఆ గ్రీజు వాసన లేదేమిటా అనిపిస్తుంది నాకు. భోజనాలయ్యాక నాన్న గోడకి ఆనుకొని కూర్చుని, ఎడంచేతి వేళ్ళు ఒక్కొక్కటే మెటికలు విరుచుకునేవాడు. ఆ చేతికి ఇంట్లో దొరికిన గారాబం అదొక్కటే.

నేను పదో తరగతి అయ్యాక ఇంట్లో ఉండలేక షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాను. "ఆడపిల్లకి ఇదేం పని" అని ఊరు అన్నది, నాన్నమ్మ అన్నది, నాన్న మాత్రం ఏమీ అనలేదు. నన్ను పరదా లోపలికి తీసుకెళ్ళి సుత్తి చేతికిచ్చాడు. నేను ఎడంచేత్తో అందుకున్నాను. ఆయన నా చేతివంక చాలాసేపు చూశాడు. "ఇక్కడైతే పరవాలేదు. పరదా దాటితే మాత్రం కుడిచెయ్యి" అన్నాడు. నాలుగేళ్ళు అలాగే పనిచేశాను. ఇంజను విప్పి బిగించడం, క్లచ్చు ప్లేట్లు, గేర్లు, అన్నీ వచ్చేశాయి. ఊరికి మాత్రం నేను మేస్త్రీకి మధ్యాహ్నం క్యారియరు తెచ్చే అమ్మాయిని.

అప్పుడు ఉప్పెన వచ్చింది. దివిసీమ సంగతి నేను చెప్పేదేముంది, చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా అందదు. ఆ వేళ కరీం మావయ్య అక్కడే, కోడూరులో ఉన్నాడు. కరీం మావయ్య మాకు చుట్టం కాదు, చుట్టంకంటే ఎక్కువ. ఆయనకి గుండ్రటి మడ్‌గార్డులూ పొడుగాటి ముక్కూ ఉన్న నల్లటి పాత విలాయతీ కారు ఒకటి ఉండేది. బందరు, గుడివాడ, అవనిగడ్డ, ఎక్కడ చూసినా దాన్ని దొరబండి అనేవాళ్ళు. పెళ్ళికూతుళ్ళనీ పురిటికి వెళ్ళే ఆడవాళ్ళనీ అందులోనే తిప్పేవాడు. ఎనిమిదిమంది ఇంటికి ఆ ఒక్క బండే ఆధారం. ఆయన బడి మేడ మీదికెక్కి ప్రాణం దక్కించుకున్నాడు గానీ, కారు మూడురోజులు ఉప్పునీళ్ళలో మునిగి ఉంది. రోడ్లు తేరాక నాన్నే ట్రాక్టరు తీసుకెళ్ళి దాన్ని లాక్కొచ్చాడు. ఒక్కటే కాదు, ఎవరి బండి పడితే వారిది, నడుములోతు బురదలో నిలబడి వారం రోజులు లాగుతూనే ఉన్నాడు. జ్వరంతో తిరిగొచ్చాడు. జ్వరం తగ్గిన నాలుగో రోజు పొద్దున మంచం దిగబోతే ఎడంకాలు నిలవలేదు. ఎడంచెయ్యి లేవలేదు.

ఆచారిగారని పెద్ద వైద్యులు వచ్చి చూసి, "అదృష్టం మేస్త్రీగారూ, పోయింది ఎడం పక్కే కదా. కుడిచెయ్యి నిక్షేపంలా ఉంది" అన్నారు. ఓదార్పుగా అన్న మాటే. నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకొని పెరట్లోకి పరిగెత్తింది. ఆ గదిలో ఏం పోయిందో మా ఇంటివాళ్ళకే తెలుసు, బయటివాళ్ళకి చెప్పుకొని ఏడ్చే దారి కూడా లేదు.

దొరబండి ఇంజను జ్వరం తగ్గిన ఆ మూడు రోజుల్లోనే నాన్న కడిగి బాగుచేశాడు. మిగిలింది గేర్‌బాక్సు. గేరు ఒకచోట ఇరుక్కుపోయి ముందుకీ వెనక్కీ రావడం లేదు. పెట్టె విప్పితే లోపల ఒక షాఫ్టు, దాని మీద గేర్లని అటూ ఇటూ జరిపే ఫోర్కు, ఆ రెంటినీ కలిపి గుచ్చిన వేలెడు పిన్ను. ఆ పిన్ను ఊడితేనే షాఫ్టు బయటికి వస్తుంది. ఉప్పుకి మొత్తం తుప్పుపట్టి ఒకే ముద్దయిపోయింది. ఇలాంటి పిన్ను ఒక కొసన కాస్త లావుగా, రెండో కొసన కాస్త సన్నంగా ఉంటుంది. లావు కొస వైపు నుంచి కొట్టి బిగిస్తారు, సన్న కొస మీద కొట్టి తీస్తారు. ఆ తేడా కంటికి ఆనదు. తుప్పుపడితే అసలే తెలియదు. కంపెనీలో పిన్నులన్నీ కుడివైపు నుంచి వేస్తారు కనుక, మెకానిక్కులంతా ఎడంవైపు నుంచి కొట్టి తీస్తారు. అది వాళ్ళకి చిన్నప్పటి నుంచి అలవాటైపోయిన సంగతి.

నాన్న మంచాన పడ్డాడు కనుక కరీం మావయ్య బందరులో ఇద్దరు మెకానిక్కుల్ని మా షెడ్డుకే పిలుచుకొచ్చాడు. ఇద్దరూ ఎడంవైపు నుంచే కొట్టారు. కొట్టిన ప్రతివాడూ కుడివైపుకి వంగి చూసి, "కదిలిందండీ, ఇదిగో కాస్త బయటికి వచ్చింది. ఇంకో రెండు దెబ్బలు" అన్నాడు. నిజమే, వెంట్రుకవాసి బయటికి వచ్చేది. మరి రెండు దెబ్బలకి అదీ ఆగిపోయేది. చివరికి గుడివాడ నుంచి రాజారావుగారు వచ్చారు. గ్యాసు సిలిండరుతో సహా వచ్చిన మొనగాడు. పెద్ద సుత్తితో బాది, చెమట తుడుచుకొని, "లాభం లేదు కరీం భాయ్. రేపు పొద్దున గ్యాసుతో కోసేస్తా" అన్నారు. ఆ గేర్‌బాక్సు పెట్టె పోత ఇనుము. ఒకచోట గ్యాసు మంట తగిలితే పెంకులా పగులుతుంది. అలాంటి పెట్టె జిల్లాలో ఇంకొకటి లేదు. పగిలితే కారు పాత ఇనుముకే. కరీం మావయ్య బానెట్టు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

వాళ్ళంతా వెళ్ళాక నేను ఆ పిన్ను ముందు కూర్చున్నాను. కొట్టగా కొట్టగా ఎడంవైపు కొస పుట్టగొడుగులా విచ్చుకుంది. ఇన్ని దెబ్బలకి కొంచెం కొంచెం జరిగి ఆగిపోతోందంటే అది ఊడటం లేదు, ఇంకా బిగుస్తోంది. అంటే అందరూ లావు కొస మీద కొడుతున్నారు. ఎవడు వేశాడు దీన్ని తిరగేసి అనుకున్నాను. అనుకోగానే దీపం ఫోర్కుకి దగ్గరగా జరిపాను. ఆ కారు పాత ఫోర్కు విరిగితే, దొరకని సామాను కదా అని కొత్త ఫోర్కు చెక్కి, షాఫ్టుకి రంధ్రం తొలిచి, పిన్ను వేసింది మా నాన్న. పరదా వెనక కూర్చుని వేశాడు. ఎడంచేత్తో సుత్తి పట్టిన మనిషి ఎడంవైపు నుంచి కాక ఎటునుంచి వేస్తాడు?

ఇంటికి పరిగెత్తాను. అమ్మ వాకిట్లో ఊదుకుంటోంది. నాన్న మంచం మీద గోడకి తిరిగి పడుకొని ఉన్నాడు.

"నాన్నా, కరీం మావయ్య బండికి పిన్ను ఎటునుంచి వేశావు?" అన్నాను.

దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"ఎడంవైపు నుంచేగా? అందరూ అటునుంచే బాదుతున్నారు. రేపు గ్యాసు పెట్టి కోసేస్తామంటున్నారు."

గోడవైపే చూస్తూ, మూతి వంకరపోయిన మాటతో, "పరదా ఏసుకో" అన్నాడు. "ఏసుకుని కుడివైపు నుంచి కొట్టు. వచ్చుద్ది. నేను అటునుంచి ఏశానని మాత్రం ఎవరికీ చెప్పమాక."

"మరి ఎట్టా వచ్చిందని అడిగితే?"

"ఉప్పు వదిలిందని చెప్పు. ఏదోటి చెప్పు."

"నేను చెప్పను నాన్నా. అబద్ధం ఎందుకు చెప్పాలి? నువ్వేం తప్పు చేశావని?"

ఆయన అప్పుడు నావైపు తిరిగాడు. "బతుకంతా దాచానమ్మాయ్. నువ్వు ఒక్కపూట దాచలేవా?" అన్నాడు.

సరేనన్నట్టు తలూపాను. అమ్మ ఊదుగొట్టం నోట్లోంచి తీసి, కొంగుతో తుడిచి, దీపంతో సహా నా చేతిలో పెట్టింది. "గ్యాసు మంట అంత లావు దేనికే? ఇది చాలదూ? పిన్ను చుట్టూతా ఎచ్చబెట్టు, పెట్టెకి సెగ తగలనీమాక. ఎచ్చబడ్డాక కొవ్వొత్తి తాకించు, మైనం సందుల్లోకి దిగుద్ది. మేం బిగుసుకున్న కొక్కేలు తీసేది అట్టాగే" అంది. మా అమ్మ ఇనుము పని జోలికి ఎప్పుడూ రాలేదు. ఇద్దరు మెకానిక్కులకీ ఒక గ్యాసు సిలిండరుకీ తట్టనిది ఆవిడ వాకిట్లో కూర్చుని చెప్పింది.

మర్నాడు పొద్దున్నే, గ్యాసు పెట్టేముందు ఒక్కసారి నన్ను చూడనివ్వమని కరీం మావయ్యని బతిమాలి, గేర్‌బాక్సుని పరదా వెనక బల్ల మీదికి చేర్పించాను. నాన్నకి ఇచ్చిన మాట ప్రకారమే చేద్దామనుకున్నాను, ఆ మాట ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. రాజారావుగారు సిలిండరు దించుకొని, రోడ్డువైపు స్టూలు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నారు. పక్క కొట్లవాళ్ళు నలుగురు చేరారు. నేను లోపల దీపం వెలిగిస్తుంటే ఆయన గొంతు వినిపించింది. "వీరాస్వామి మేస్త్రీ గొప్పోడు గొప్పోడని చెప్పుకోడమేగానీ, ఇదేనా పని? పిన్ను ఎయ్యడం చేతకాక జామ్ చేసి పెట్టాడు. గోనెపట్టా ఎనకాల దాక్కుని చేసే పని ఇట్టాగే ఏడుస్తది మరి."

ఆ ఫోర్కు మీద దొరబండి ఏడేళ్ళు నడిచింది. ఉప్పెన మింగినా విరగలేదు. దాన్ని పట్టుకొని చేతకాని పని అన్నాడు. దాచడమంటే చెడ్డపేరు రాకుండా ఉండటమని మా నాన్న అనుకున్నాడు. దాచీ ఏం మిగిలింది? చేసిన పనికి పేరూ దక్కలేదు, దాక్కున్నాడన్న మాట మాత్రం దక్కింది. నేను లేచి పరదా తాళ్ళు రెండు వైపులా కోసేశాను. ఏళ్ళ తరబడి పట్టిన దుమ్ముతో సహా గోనెలు కిందపడ్డాయి. రాజారావుగారికి దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గు చూసి నాకు కాస్త ప్రాణం లేచొచ్చిన మాట దాచను.

"రాజారావుగారూ, ఈ పిన్ను మా నాన్నే వేశాడండీ. జామ్ చేసింది మాత్రం మీరు" అన్నాను. "లావు కొస మీద బాదుతున్నారు మీరంతా. ఇది ఎడంవైపు నుంచి వేసిన పిన్ను."

"ఎడంవైపు నుంచి ఎవడు ఏస్తాడమ్మా?"

"పుర్రచేతివాటం ఉన్నవాడు వేస్తాడు."

కరీం మావయ్య, "మేస్త్రీకా? మన మేస్త్రీకా?" అన్నాడు. అవునన్నాను. బల్లని రోడ్డువైపు ముందుకి లాక్కొచ్చాను. ఊదుగొట్టం నోట పెట్టుకొని, పిన్ను చుట్టూ అరగంట ఊదాను. బుగ్గలు మంటెత్తాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెట్టె అంచు మీద చెయ్యి వేసి చూస్తే వెచ్చగా మాత్రమే ఉంది. కొవ్వొత్తి తాకిస్తే మైనం సన్నగా పొగలొస్తూ లోపలికి పీల్చుకుపోయింది.

ఇక కొట్టాలి. కుడివైపు బయటికి పొడుచుకొచ్చిన సన్న కొస మీద దెబ్బ సూటిగా పడాలి. వంకరగా పడితే ఆ కొస కూడా విచ్చుకుపోతుంది, రెండు వైపులా విచ్చుకున్న పిన్నుని ఇక ఎవరూ తీయలేరు, కోయవలసిందే. నేను బల్లకి ఇటువైపే ఉండి, రోడ్డుకి వీపు పెట్టి కుడిచేత్తో కొట్టవచ్చు, ఏ చెయ్యో ఎవరికీ కనిపించదు. కానీ నా కుడిచేతికి గురి లేదు. ఎడంచేత్తో కొట్టాలంటే బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి, అందరికీ ఎదురుగా నిలబడాలి. వెళ్ళి నిలబడ్డాను. కుడిచేత్తో మొండి ఉలిలాంటి పంచ్‌ని పిన్నుకి ఆనించి, ఎడంచేత్తో సుత్తి ఎత్తాను.

కరీం మావయ్య రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "బేటీ, ఎడంచెయ్యి వద్దమ్మా. అసలే నీళ్ళపాలైన బండి. నీకు దండం పెడతా, కుడిచేత్తో కొట్టు."

"కుడిచేత్తో కొడితే గురి తప్పుద్ది మావయ్యా. మీ ఆడపిల్లలిద్దరినీ అత్తారింటికి ఈ బండిలోనే గదా పంపించారు? ఎడంచేత్తో చేసిన ఫోర్కు మీదే పంపించారు. వాళ్ళకేం తక్కువైంది? మీరు వద్దంటే సుత్తి కింద పెట్టేస్తా. రాజారావుగారు గ్యాసు వెలిగిస్తారు."

ఆయన నా మొహం వంక చూశాడు, కారు వంక చూశాడు. చేతులు దించేసి, "బిస్మిల్లా అని కొట్టు" అన్నాడు. నాకు రాదన్నాను. "నేనంటాలే, నువ్వు కొట్టు" అన్నాడు.

మొదటి దెబ్బకి ఠంగుమని మోగింది. బిగుసుకున్న ఇనుము అలాగే మోగుతుంది. రెండో దెబ్బకీ అంతే. మూడో దెబ్బకి శబ్దం మారింది, టక్ అని పొడిగా వచ్చింది. మెకానిక్కు అన్నవాడికి ఆ శబ్దం తెలుస్తుంది. రాజారావుగారు స్టూలు మీంచి లేచి నిలబడ్డారు. ఇంకో రెండు దెబ్బలకి పిన్ను ఎడంవైపు నుంచి జారి నేలమీద పడింది. ఆయనే వంగి తీసి, తుప్పు గీరి, అరచేతిలో దొర్లించి చూశారు. "నిజమే, తిరగేసి ఏశాడు" అన్నారు. "తిరగేసి కాదండీ. ఆయన చెయ్యి అటు" అన్నాను. ఆయన సిలిండరు బండిలోకి ఎక్కించుకున్నారు. కరీం మావయ్య పెట్టె చుట్టూ తడిమి తడిమి చూసి, ఎక్కడా బీట లేదని తేలాక నేలమీద చతికిలబడి ఏడ్చాడు.

ఇదంతా చదివి ఊరంతా నాకు చప్పట్లు కొట్టిందనుకునేరు. అలాంటిదేమీ జరగలేదు. రాజారావుగారు గుడివాడ వెళ్ళి, "బందరులో పుర్రచేతి షెడ్డు ఉందిరా, ఆడపిల్ల కొడతది" అని నవ్వుతూ చెప్పారు. ఆయన చెప్పింది గుడ్లవల్లేరు దాకా పాకింది. పాత ఖాతాదారులు ముగ్గురు రావడం మానేశారు. ఒకాయన తన జీపుకి దిష్టి తీయించుకున్నాడని కూడా విన్నాను. ఇంట్లో అంతకంటే ఘోరం. ఆ రోజు మధ్యాహ్నానికే సంగతి నాన్న చెవిన పడింది. "నా పరువు బజార్న పెట్టావు" అన్నాడు. క్షమించమని అడిగితే మెత్తబడేవాడేమో. నేను అడగలేదు. "నేను పెట్టింది నీ పని నాన్నా, పరువు కాదు" అన్నాను. నెలరోజులు నాతో మాట్లాడలేదు. నేను అన్నం తినిపిస్తే తినేవాడు కాదు, అమ్మే తినిపించాలి. షెడ్డులో నేను పరదా మళ్ళీ కట్టలేదు. రోడ్డుకి ఎదురుగా బల్ల వేసుకొని, ఎడంచేత్తోనే పనిచేశాను. చూడటానికే కొందరు వచ్చేవాళ్ళు, చూసి పోయేవాళ్ళు. వాళ్ళలో కొందరు తర్వాత బండ్లతో వచ్చారు.

ఇప్పుడు మా పక్కింటి పిల్ల ఎడంచేత్తో రాస్తుంది, పంతులమ్మ ఏమీ అనదు. సంతోషం. పిన్ను బిగుసుకుంటే డ్రిల్లు పెట్టి తొలిచేస్తారు, లేకపోతే పెట్టెకి పెట్టె మార్చేస్తారు. అదీ మంచిదేనేమో. పాతకాలమే బంగారమని నేను అనను, ఆ కాలం మా ఇంట్లో ఒక మనిషిని గోనె వెనక కూర్చోబెట్టింది. కాకపోతే, "ఆ రోజులు వేరు, అప్పటివాళ్ళకి తెలియదు" అని నన్ను సమాధానపరచడానికి వచ్చేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. లారీ ఎందుకు కాలవలో పడిందో అప్పటివాళ్ళకీ తెలుసు.

ఆ నెల గడిచాక ఒక ఉదయం నాన్న తనంతట తనే, షెడ్డుకి తీసుకెళ్ళమని కరీం మావయ్యకి కబురు పెట్టాడు. ఆయన దొరబండి తెచ్చి, నాన్నని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తి తీసుకొచ్చి, నా బల్ల పక్కన కుర్చీలో దించాడు. నాన్న చచ్చుపడ్డ చెయ్యి ఒడిలో పెట్టుకొని, దాని మీద తువ్వాలు కప్పుకున్నాడు. నేను ఒక క్లచ్చు విప్పుతున్నాను. అప్పుడే ఉయ్యూరు నుంచి చెరుకు రైతు ఒకాయన జీపు తెచ్చి ఆపాడు. దిగి, నా చేతివంక చూసి, అక్కడే ఆగిపోయాడు. నాన్నని గుర్తుపట్టి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "ఏంటి మేస్త్రీగారూ ఇది? మీ అంతటోరి కడుపున పుట్టి ఈ పిల్లకి ఈ పుర్రచెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

నేను తలెత్తలేదు. స్పానరు మాత్రం ఆగింది. నాన్న కుడిచేత్తో తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. అదే కుడిచేత్తో ఎడంచేతి మణికట్టు పట్టుకొని, బరువుగా, రెండుసార్లు జారిపోతుంటే పట్టుకొని, ఎత్తి తెచ్చి నా బల్ల మీద, సామాన్ల మధ్యన, ఎండపడేచోట పెట్టాడు.

"ఇదిగోనండీ" అన్నాడు. "దీన్నుంచి వచ్చింది."

ఆ రైతు జీపు వదిలేసి వెళ్ళాడు, సాయంత్రానికి బాగుచేసి ఇచ్చాను. నాన్న పొద్దుగూకేదాకా ఆ చేతిని అక్కణ్ణుంచి తీయలేదు. బందరులో అంత పనితనం ఉన్న చెయ్యి ఇంకొకటి లేదు. ఊరు దాన్ని మొదటిసారి చూసింది ఆ రోజే, వేలు కూడా కదపలేని రోజు. అందుకు నేను ఎవరినీ క్షమించలేదు. క్షమించను కూడా.